ఆక్సిజన్ తగలగానే ఫెర్రస్ ఈడీటీఏ పాడవుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు కోసం బాయిలర్ పొగలోంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను తీసే ప్రయోగం చేస్తున్నాను. మన బొగ్గులో బూడిద ఎక్కువ, మామూలుగా ఈ పనికి వాడే ఉత్ప్రేరకాలు దాంతో త్వరగా అరిగిపోతాయి. అందుకే ఈ సూక్ష్మజీవుల పద్ధతి మీద నాకు గట్టి నమ్మకం.

నైట్రిక్ ఆక్సైడ్ నీళ్లలో దాదాపు కరగదు. ఫెర్రస్ ఈడీటీఏ (ఈడీటీఏ అనే రసాయనం పట్టి ఉంచిన ఫెర్రస్ ఇనుము) ఉంటే మాత్రం ఇట్టే పట్టుకుంటుంది, ద్రావణం ముదురాకుపచ్చకు తిరుగుతుంది. ఆ పట్టుకున్నదాన్ని డీనైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా నైట్రోజన్‌గా మార్చేస్తుంది, ద్రావణం మళ్లీ వాడుకోవచ్చు. చిక్కంతా ఆక్సిజన్‌తోనే. వాయువులో 5 శాతం కలపగానే కాసేపట్లో ద్రావణం పసుపు-గోధుమ రంగుకు వచ్చేస్తోంది. అంటే ఫెర్రస్ ఇనుము ఆక్సీకరణ చెంది ఫెర్రిక్ అయిపోయినట్టే, ఇక నైట్రిక్ ఆక్సైడ్‌ను పట్టదు. 50 డిగ్రీల దగ్గర, బ్యాక్టీరియాకు ఆహారంగా గ్లూకోజ్ వేసి నడుపుతున్నాను. గ్లూకోజ్ పెంచితే పీహెచ్ పడిపోతోంది తప్ప ఫెర్రస్ పెద్దగా పెరగట్లేదు.

ఫెర్రిక్‌ను మళ్లీ ఫెర్రస్‌గా మార్చే బ్యాక్టీరియాకు విడిగా రియాక్టర్ పెట్టాలా? గ్లూకోజ్ బదులు ఇథనాల్ మేలా? ఇంకోటి, ఫినాంథ్రోలిన్‌తో (ఫెర్రస్‌తో కలిస్తే నారింజ-ఎరుపు రంగు ఇచ్చే రసాయనం) ఫెర్రస్ కొలిచేటప్పుడు నైట్రిక్ ఆక్సైడ్‌ను పట్టుకున్న ఇనుము కూడా లెక్కలోకి వస్తుందా? స్వయంగా చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.