ముగ్గురాయా, సున్నపురాయా: జియాలజీ ల్యాబులో ఫోటోలు సరిపోవా?

ల్యాబ్‌బెంచి: డిగ్రీ ప్రాక్టికల్స్‌లో రాళ్ల బదులు మంచి ఫోటోలు వాడితే తప్పేంటి? 60 మందికి ఒకే పెట్టె. పిల్లలు ఖనిజాన్ని చూడరు, మూల విరిగిన ముక్క ఏదో గుర్తుపెట్టుకుని "ఫెల్‌స్పార్" అని రాసేస్తారు. ఫోటోలైతే ఒక్కో ఖనిజానికి పది రకాలు చూపించొచ్చు.

రాతిపని: విరిగిన మూల సంగతి నిజమే సార్. దానికి మందు ఒక్కోదానికి నాలుగైదు ముక్కలు తెచ్చి, పరీక్షకోసారి మార్చడం. మంగంపేట ముగ్గురాయినీ (బెరైటీస్) నార్జి సున్నపురాయినీ పక్కపక్కన ఫోటో తీసి చూడండి. రెండూ బూడిదరంగే, రెండూ సన్నటి రేణువులే. మోస్ స్కేలు మీద కాఠిన్యం కూడా 3 దగ్గరే కాబట్టి గీకినా తేలదు. చేతికిస్తే వెంటనే తెలుస్తుంది. సున్నపురాయి సాంద్రత 2.7, ముగ్గురాయిది 4 పైనే. 100 సీసీల ముక్కలో 130 గ్రాములకు పైగా తేడా! అది ఏ ఫోటోలో కనిపిస్తుంది?

క్రాస్‌నికల్స్: థిన్ సెక్షన్ల దగ్గర, అంటే గాజు పలక మీద అంటించిన పల్చటి రాతి పొరల దగ్గర, మాత్రం నేను తెర వైపే. మందం 0.03 మిల్లీమీటర్లు, మైక్రోస్కోపులో చూసేది ఒక్కరు. మిగతావాళ్లకు ఏం చూపిస్తున్నామో మనకే తెలియదు. కెమెరా తగిలిస్తే అందరం ఒకే రేణువు గురించి మాట్లాడుకోవచ్చు. అయితే నిశ్చల చిత్రం వద్దు, స్టేజీ (మైక్రోస్కోపులో పలక పెట్టే గుండ్రటి బల్ల) తిప్పుతూ తీసిన వీడియో కావాలి. రేణువు ఎక్కడ చీకటవుతుందో తిప్పితేనే కదా తెలిసేది.

ల్యాబ్‌బెంచి: ఒప్పుకుంటాను. కానీ "బరువుగా ఉంది" అన్న జవాబుకి మార్కులెలా వేయాలి?

రాతిపని: కొలిపించండి. ముందు రాయిని తూచాలి. తర్వాత త్రాసు మీద నీళ్ల బీకరు పెట్టి సున్నాకి తెచ్చి, రాయిని దారంతో పూర్తిగా ముంచాలి. అప్పుడొచ్చే గ్రాములే దాని ఘనపరిమాణం, సీసీల్లో. బరువుని దాంతో భాగిస్తే సాంద్రత. రాయి అడుగుకి తగిలితే లెక్క చెడుతుంది. గాలిబుడగలు అంటుకుంటే సాంద్రత తక్కువొస్తుంది, దారం కదిపి వదిలించాలి.

ఆఖర్న 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క. సున్నపురాయి బుసబుసమంటుంది, ముగ్గురాయి ఉలకదు. ఒకే ట్రేలో ఉంచితే సున్నపురాయి పొడి అంటుకుని ముగ్గురాయి కూడా పొంగినట్టు కనిపిస్తుంది. అందుకే ముందే కడిగి తుడవాలి, చుక్క వేశాక మళ్లీ కడగాలి.