చూపులేనివారు వింటూ ఆడుకునే ఆటలకు నమ్మదగిన వెబ్‌సైట్లు ఏవి?

నంద్యాల అక్క అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రెటినైటిస్ పిగ్మెంటోసా వల్ల ఇంటర్ పూర్తయ్యేనాటికే చూపు బాగా తగ్గిపోయింది; ఇప్పుడు వెలుతురు ఉందో లేదో తెలియడం తప్ప మరేమీ కనిపించదు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లతో, అంటే ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏతోనూ, ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్‌తోనూ, పాఠాలు, వార్తలు తనంతట తానే చదువుకుంటాడు కాబట్టి ఆ విషయంలో మా సాయం అక్కర్లేదు. చూపున్న రోజుల్లో కారు పందేల ఆటలన్నా, చదరంగమన్నా వాడికి ప్రాణం. మళ్లీ ఏవైనా ఆడాలని ఉందని ఈమధ్య తరచుగా అంటున్నాడు.

ప్లే స్టోర్‌లో ఆడియో గేమ్స్ అని వెతికితే పియానో ఆటలు, పాటను గుర్తుపట్టే ఆటలు వస్తున్నాయి. ఒకటి రెండు తెరిచి చూస్తే టాక్‌బ్యాక్ నోరే విప్పలేదు. నిజంగా చూపులేనివారి కోసం తయారైన ఆటలు ఎక్కడ దొరుకుతాయో, ఉచితంగా లేదా తక్కువ ఖర్చుతో దొరికేవి ఏవో, నేనూ వాడూ కలిసి ఆడగలిగినవి ఉన్నాయో లేదో తెలిసినవారు చెప్పగలరు. వాడి ఇంగ్లీషు ఒక మోస్తరుగా ఉంటుంది.

చెవులే కళ్లు ఇచ్చిన సమాధానం:

అక్కగారూ, నేను పుట్టుకతోనే చూపులేనివాణ్ని. ఈ ఆటలు ఎప్పటినుంచో ఆడుతున్నాను. ముందుగా ఒక తేడా చెప్పాలి. బొమ్మలతో తయారైన ఆటకు తరువాత మాటను జోడించడం ఒక పద్ధతి. మొదటినుంచీ ధ్వనితోనే నడిచేలా ఆటను కట్టడం మరొక పద్ధతి. మీరు వెతుకుతున్నది రెండో రకం. దానికి ప్లే స్టోర్‌లో సరైన విభాగం లేదు కాబట్టి అక్కడ ఎంత వెతికినా మీకు పియానోలే ఎదురవుతాయి.

నేను ఎవరికైనా మొదట చెప్పేది ఆడియోగేమ్స్ డాట్ నెట్ గురించే. నెదర్లాండ్స్‌లో మొదలైన ఈ సైటులో ఆటల జాబితా రకాలవారీగా ఉంటుంది. ప్రతి ఆటకూ అది ఏ పరికరంలో నడుస్తుందో, ఉచితమో కాదో తెలిపే చిన్న పరిచయం ఉంటుంది. జాబితాలో ఎన్నో ఏళ్ల క్రితం నాటి ఆటలు కూడా ఉన్నందువల్ల కొన్ని లంకెలు ఇప్పుడు పనిచేయవు. అలాంటప్పుడు నిరుత్సాహపడకుండా, అదే సైటులోని చర్చావేదికలో ఆ ఆట పేరుతో వెతికితే కొత్త చిరునామా సాధారణంగా దొరుకుతుంది. నా దృష్టిలో జాబితా కంటే ఆ వేదికే విలువైనది. అక్కడ రాసేవారిలో ఎక్కువమంది చూపులేని ఆటగాళ్లే, తయారీదారులు కూడా అక్కడికే వచ్చి జవాబులిస్తారు.

కారు పందేలు ఇష్టమన్నారు కాబట్టి టాప్ స్పీడ్ అనే ఉచిత విండోస్ ఆటతో మొదలుపెట్టవచ్చు. ముందు రాబోయే మలుపు ఎటువైపో, ఎంత మెలికో పక్క సీటులో కూర్చున్నవాడిలా ఒక గొంతు ముందే చెబుతుంది. ఇంజను చప్పుడు ఒక చెవివైపు జరుగుతున్నకొద్దీ కారు రోడ్డుకు ఆ అంచుకు చేరుతోందని అర్థం. మొదట్లో ప్రతి మలుపులోనూ గుద్దేస్తాడు, కంగారుపడకండి. వ్యూహాలు ఇష్టమైతే సౌండ్ఆర్‌టీఎస్ ఉంది. ఊరు కట్టుకుని, సైన్యాన్ని పెంచుకుని శత్రువుమీదికి పంపే ఆట, అదీ ఉచితమే. చిన్న చిన్న ఆటలన్నీ ఒకేచోట కావాలంటే క్రేజీ పార్టీ చూడండి.

ఫోనులోనైతే ఎ బ్లైండ్ లెజెండ్ మంచి ప్రారంభం. ఫ్రాన్స్‌లోని డోవినో సంస్థ 2015లో విడుదల చేసింది. చూపు కోల్పోయిన వీరుడిని అతని కూతురు మాటలతో నడిపిస్తుంది; తెరమీద వేలు జరిపి కత్తి తిప్పాలి. డబ్బు పెట్టగలిగితే కెనడాకు చెందిన ఫాలింగ్ స్క్విరల్ సంస్థ 2021లో తెచ్చిన ది వేల్ అనే ఆట కొనమంటాను, ధ్వని పనితనంలో నాకు దానికి సాటి కనిపించలేదు. అది కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో దొరుకుతుంది. అక్కడ కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగవచ్చు. స్టీమ్ ప్రోగ్రామును స్క్రీన్ రీడర్‌తో వాడటం చికాకే కాబట్టి మొదటిసారి మీరు పక్కన కూర్చోండి.

అరవైనాలుగు గడులు ఇచ్చిన సమాధానం:

పై సమాధానంలో చదరంగం ఊసే లేకపోవడం నాకు కొంచెం నచ్చలేదు. చూపులేనివారి కోసం విడిగా కట్టిన లోకాలు మంచివే గానీ, అందరితోపాటు ఒకే బల్ల దగ్గర కూర్చునే అవకాశం ఉన్నప్పుడు దాన్నే ముందు చెప్పాలి. లీచెస్ వెబ్‌సైటు పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా ఉండవు. పేజీ పైభాగంలో అంధుల విధానాన్ని ఆన్ చేసే మీట ఒకటి ఉంటుంది. అది మామూలుగా తెరమీద కనిపించదు, స్క్రీన్ రీడర్‌కు మాత్రమే వినిపిస్తుంది, అందుకే చూపున్నవాళ్లు చాలామందికి దాని సంగతే తెలియదు. దాన్ని నొక్కాక ఎత్తులను టైపు చేయవచ్చు: ఎన్ఎఫ్3 అని కొడితే గుర్రం ఎఫ్3 గడికి వెళుతుంది. ఎల్ అని కొడితే చివరి ఎత్తును, సి అని కొడితే గడియారాన్ని చదివి వినిపిస్తుంది. అవతలివాడికి మీ తమ్ముడు ఎలా ఆడుతున్నాడో తెలియనే తెలియదు.

ఈ సరదా ఎంతదూరమైనా తీసుకెళ్లగలదు. మన దేశంలో అంధుల కోసం అఖిల భారత చదరంగ సమాఖ్య ఉంది. వడోదరకు చెందిన దర్పణ్ ఇనానీ హాంగ్‌ఝౌలో 2023లో జరిగిన ఆసియా పారా క్రీడల్లో చదరంగంలో స్వర్ణం గెలిచాడు.

మీరిద్దరూ కలిసి ఆడటానికైతే ఆర్‌ఎస్ గేమ్స్, క్వెంటిన్ సి ప్లేరూమ్ చూడండి. రెండింటిలోనూ చిన్న ప్రోగ్రామును ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, పేరు నమోదు చేసుకుని పేకాటలు, బల్లమీది ఆటలు ఇతరులతో కలిసి ఆడవచ్చు. బొమ్మలు ఉండవు కాబట్టి మీకు మొదట్లో వెలితిగా అనిపించవచ్చు.

వైరుల పెట్టె ఇచ్చిన సమాధానం:

ఆటల గురించి పెద్దలు చెప్పారు. నేను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే చిక్కులు చెబుతాను. ఈ ఆటల్లో చాలావాటిని ఒంటరి తయారీదారులు బీజీటీ అనే, ఆటలు తయారుచేసే పాత సాఫ్ట్‌వేరుతో రాశారు. దానితో తయారైన మంచి ప్రోగ్రాములను కూడా యాంటీవైరస్‌లు అనుమానించి చెరిపేయడం తెలిసిన సంగతే. అలాగని వచ్చిన ప్రతి హెచ్చరికనూ పక్కకు నెట్టేయకూడదు. తయారీదారు సొంత పేజీ నుంచి మాత్రమే డౌన్‌లోడ్ చేసుకుని, ఫైళ్లలో వైరస్ ఉందేమో చూసిపెట్టే వైరస్‌టోటల్ వెబ్‌సైటులో ఫైలును పరీక్షించి, పైన చెప్పిన చర్చావేదికలో దాని గురించి ఏమంటున్నారో చదివాకే నమ్మాలి.

ఆటే సొంతంగా మాట్లాడుతున్నప్పుడు ఎన్‌వీడీఏ మధ్యలో అడ్డుపడితే, ఎన్‌వీడీఏ మీటతోపాటు షిఫ్ట్, ఎస్ నొక్కితే ఆ ప్రోగ్రాము వరకూ అది నిద్రపోతుంది. ల్యాప్‌టాప్ అమరికలోనైతే ఎస్ బదులు జెడ్. ఫోనులో వేలు జరిపే ఆటలకు టాక్‌బ్యాక్‌ను ఆపాల్సి రావచ్చు. సత్వరమార్గం పెట్టుకుని ఉంటే, రెండు వాల్యూమ్ మీటలనూ కలిపి కొద్దిసేపు నొక్కి ఉంచితే అది ఆగుతుంది, మళ్లీ అలాగే వస్తుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో ధ్వని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి పందేల ఆటకు వైరున్న హెడ్‌ఫోన్లే వాడాలి. సెట్టింగులలో మోనో ఆడియో ఆన్‌లో ఉందేమో కూడా చూడండి; ఉంటే రెండు చెవులకూ ఒకే శబ్దం చేరి, ఎడమా కుడీ తేడాయే పోతుంది.

నంద్యాల అక్క:

అందరికీ కృతజ్ఞతలు. చివరి మాట చదివాక ఒక సందేహం వచ్చింది. వాడికి చిన్నప్పటి నుంచీ ఎడమ చెవి బాగా మందం. అలాంటివాడికి ఇవి పనికొస్తాయా?

చెవులే కళ్లు:

ముందే చెప్పి ఉంటే కారు పందెం పేరు ఎత్తేవాణ్ని కాదు. దిక్కులను చెవులతో పట్టుకోవాల్సిన ఆటలన్నీ, అంటే టాప్ స్పీడ్, బ్లైండ్ లెజెండ్, ది వేల్, ఒక్క చెవితో చాలా కష్టం. వాటికి ఇప్పుడే డబ్బు పెట్టకండి. మాటతో నడిచి, ఆలోచించుకోవడానికి సమయమిచ్చే ఆటలకు ఈ ఇబ్బంది లేదు. అందుకని లీచెస్, ప్లేరూమ్, ఆర్‌ఎస్ గేమ్స్ అనే వరసలో వెళ్లండి. వీటిలో సమాచారం స్క్రీన్ రీడర్ ద్వారానే వినిపిస్తుంది. ఇంగ్లీషు వేగంగా అనిపిస్తే ఎన్‌వీడీఏలో వేగం తగ్గించుకోవచ్చు. ఇక మోనో ఆడియో మీ తమ్ముడి విషయంలో ఆన్‌లోనే ఉండాలి, లేకపోతే ఎడమవైపు వచ్చే శబ్దాలు వినపడవు. ఆడియోగేమ్స్ డాట్ నెట్‌లో వెతికేటప్పుడు కూడా వంతులవారీ ఆటలు, పజిల్ విభాగాలు ముందు చూడమనండి.

అరవైనాలుగు గడులు:

లీచెస్‌లో ఖాతా తెరిచాక మొదట కంప్యూటరుతో, గడియారం లేకుండా ఆడమనండి. గడుల పేర్లు నోటికి వచ్చాక స్నేహితులకు లంకె పంపి ఆటకు పిలవవచ్చు. ఆ లంకెతో వచ్చేవాళ్లకు ఖాతా కూడా అవసరం లేదు.