అప్‌డేట్: పాత స్కూల్ టీసీ ఇవ్వలేదు, పేరు ఆన్‌లైన్‌లోకి ఎక్కింది

ఐదో తరగతి పూర్తయిన పాపకు ఫీజు బాకీ ఉందని పాత ప్రైవేటు స్కూల్ టీసీ ఆపింది, సర్కారు బడిలో ఆన్‌లైన్ ఎంట్రీ ఎలా అని ఇక్కడ అడిగాను. పని అయింది. మీరు చెప్పినట్టే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులోనే తేలింది.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు. కాబట్టి ముందు బడిలో చేర్పించండి. అసలు చిక్కు యూడైస్‌లో, అంటే బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో: పాత స్కూల్ పేరును రిలీజ్ చేస్తేనే అది డ్రాప్‌బాక్స్‌లోకి (బడి మారే పిల్లల జాబితాలోకి) వస్తుంది, అక్కడి నుంచి కొత్త హెచ్‌ఎం పెన్ నంబరు (యూడైస్‌లో విద్యార్థికి ఇచ్చే శాశ్వత నంబరు), పుట్టిన తేదీ కొట్టి తీసుకోవాలి. 11 అంకెల పెన్ పాత ప్రోగ్రెస్ కార్డు మీద ఉంటే అదృష్టమే.

పాత స్కూల్ రిలీజ్ చేయకపోతే హెచ్‌ఎం కవరింగ్ లెటర్, ఆధార్ జిరాక్స్, ప్రోగ్రెస్ కార్డు ఎంఆర్‌సీలో (మండల వనరుల కేంద్రంలో) ఆన్‌లైన్ వివరాలు చూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్‌కు ఇవ్వండి. తల్లిదండ్రుల అర్జీ విడిగా ఎంఈఓ పేరిట రాసి, రసీదు తీసుకోండి. పాత స్కూల్ వేరే మండలంలో ఉంటే అక్కడి ఎంఈఓకు కూడా కాపీ పంపాలి. ఆధార్‌లో ఇంటిపేరు స్పెల్లింగ్ తేడా ఉంటే మళ్లీ ఆగుతుంది, ముందే సరిచూసుకోండి.

దయచేసి కొత్త పేరుగా మాత్రం ఎక్కించనివ్వకండి. డూప్లికేట్ పడితే తీయించడం ఇంకా కష్టం.