ఎనిమిదో నెలలో దద్దుర్లు, రాత్రిళ్లు దురద: వేడి చేసిందని ఊరుకోవచ్చా?

ప్రశ్న: వరంగల్ నుంచి, తొలిచూలు గర్భిణి

అందరికీ నమస్కారం. నాకిప్పుడు 34వ వారం. పది రోజుల క్రితం పొట్ట మీది చారల వెంబడి ఎర్రటి చిన్న పొక్కులు లేచి, ఒకదానితో ఒకటి కలిసి దద్దుర్లుగా మారి, తొడల దాకా పాకాయి. బొడ్డు చుట్టూ మాత్రం చర్మం మామూలుగానే ఉంది. ఒంటికి వేడి చేసిందని మా అత్తగారు సబ్జా నీళ్లు, మజ్జిగ తాగిస్తున్నారు. ఆవిడ ఆపేక్షను కాదనలేను గాని, నాకు నిద్ర కరువైంది. అర్ధరాత్రి అరికాళ్లు కూడా దురద పెడుతుంటే మంచం దిగి చల్లటి గచ్చు మీద నిలబడుతున్నాను. బిడ్డకేమైనా ప్రమాదమా?

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి

అమ్మా, నా మొదటి కాన్పుకు ముందు అచ్చం ఇలాగే చారల్లో మొదలై, బొడ్డును వదిలి తక్కిన పొట్టంతా కమ్మింది. చర్మవ్యాధి నిపుణురాలు పియుపిపిపి అని పేరు చెప్పి, ఇది చివరి నెలల్లో, ఎక్కువగా తొలి గర్భంలో వస్తుందనీ, బిడ్డకు హాని చేయదనీ ధైర్యం చెప్పారు. ఆవిడ రాసిన స్టెరాయిడ్ పూతమందు, దురద మాత్ర వాడాను. తడిబట్ట వేసుకుంటే కాస్త ఉపశమనంగా ఉండేది. కాన్పయిన కొన్ని వారాలకు మచ్చ లేకుండా పోయింది. రెండో కాన్పులో రాలేదు.

జవాబు: ప్రసూతి వైద్యురాలు

దద్దుర్ల విషయంలో పై సోదరి చెప్పింది సరిగానే ఉంది. బొడ్డు చుట్టూనే మొదలై నీటి బొబ్బలుగా మారితే అది వేరే, అరుదైన జబ్బు. మీ వర్ణన అలా లేదు. నన్ను ఆపింది అరికాళ్ల మాట. పొక్కు ఏదీ లేకుండా అరచేతులు, అరికాళ్లు దురద పెడుతూ, అది రాత్రిపూట హెచ్చుతుంటే, కాలేయం నుంచి పైత్యరసం సరిగా పారక, పైత్య ఆమ్లాలు రక్తంలో చేరుతున్నాయేమోనని చూడవలసిందే. దద్దుర్లు ఉన్నంత మాత్రాన ఇది లేదని అనుకోకూడదు, రెండూ కలిసి ఉండవచ్చు. రేపే ఆసుపత్రికి వెళ్లి బైల్ యాసిడ్స్ (ఆ పైత్య ఆమ్లాలే), లివర్ ఫంక్షన్ (కాలేయ పనితీరు) పరీక్షలు చేయించుకోండి. మొదటిసారి మామూలుగా వచ్చినా దురద తగ్గకపోతే మళ్లీ చేయించాలి. ఆ ఆమ్లాలు లీటరు రక్తంలో 100 మైక్రోమోల్స్ దాటితే గర్భంలోనే బిడ్డ చనిపోయే ప్రమాదం పెరుగుతుంది, కనుక కాన్పును ముందుకు జరుపుతారు. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి.

ప్రశ్న అడిగినవారు, నాలుగు రోజుల తర్వాత

బైల్ యాసిడ్స్ 46 వచ్చాయి, వందకు లోపే గాని మామూలుకన్నా ఎక్కువ. ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టారు. వాటితో దురద కొంతే తగ్గవచ్చని, వారం వారం రక్తపరీక్ష తప్పదని, అంకె పెరగకపోతే 38 వారాలు దాటాక కాన్పు చేద్దామని మా డాక్టరు గారు చెప్పారు. పొట్ట మీద దద్దుర్లకు విడిగా పూతమందు ఇచ్చారు. అరికాళ్ల సంగతి వాళ్లకు ఇంతకు ముందు చెప్పనే లేదు, అదీ వేడేననుకున్నాను. అత్తగారు ఇప్పుడు మజ్జిగ గ్లాసుతో పాటు మాత్ర కూడా చేతికి ఇస్తున్నారు.