‘తిరిగి కుందేటి కొమ్ము’: ఇక్కడ ‘తిరిగి’ అంటే ఏమిటి?

పటమట:
అందరికీ నమస్కారమండీ. మా వాడు బళ్ళో పద్యం అప్పజెప్పాలి. భర్తృహరి సంస్కృత శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి గారి తెలుగు, మనందరం చిన్నప్పుడు వల్లె వేసిందే.

తివిరి యిసుమున తైలంబు తీయవచ్చు
తవిలి మృగతృష్ణలో నీరు త్రావవచ్చు
తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు
చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు

మూడో పాదం దగ్గర పేచీ వచ్చింది. ‘తిరిగి’ అంటే ‘మళ్ళీ’ అని వాడి వాదన. కాదంటే ఎందుకు కాదో చెప్పమని కూర్చున్నాడు. దానికి తోడు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో అమెరికా కుందేళ్ళ ఫొటోలు తిరుగుతున్నాయి. మూతి చుట్టూ, నుదుటి మీద నల్లటి కొమ్ములు. మా బాబాయిగారు చూసీ చూడగానే ‘భర్తృహరి పని అయిపోయింది’ అని మెసేజీ కొట్టారు. నిజంగా కుందేటికి కొమ్ములుంటే ఈ పద్యం చెల్లుతుందా? పెద్దలు చెప్పాలి.

సత్యనారాయణపురం:
పద్యం సంగతి తర్వాత, ముందు ఆ ఫొటోలు ఏఐతో చేసినవేమో చూసుకోండి. ఇసుకలో నూనె మాటకొస్తే, మన కృష్ణ ఇసుక రేటు చూస్తుంటే నూనె తీయాల్సిన అవసరం కూడా కనబడటం లేదు.

బ్రాడీపేట:
అమ్మా, ‘తిరిగి’ అంటే ఇక్కడ సంచరించి, దేశాలు పట్టి తిరిగి అని. ఊహించి చెప్పడం లేదు, మూలంలో స్పష్టంగా ఉంది. ‘కదాచిదపి పర్యటన్ శశవిషాణ మాసాదయేత్’ అన్నాడు భర్తృహరి. శశవిషాణం అంటే కుందేటి కొమ్ము. పర్యటన్, అంటే తిరుగుతూ. మంత్రిగారి జిల్లా పర్యటనలో ఉన్నది ఆ మాటే. పైగా మొదటి మూడు పాదాలూ ఒకే అచ్చులో ఉన్నాయి చూడండి. తివిరి, అంటే గట్టిగా ప్రయత్నించి. తవిలి, అంటే పట్టుదలగా వెంటపడి. తిరిగి, అంటే కాళ్ళరిగేలా తిరిగి. మూడూ మనిషి పడే శ్రమలే. మధ్యలో ‘మళ్ళీ’ దూరితే ఆ వరస చెడుతుంది.

ఛందస్సు కూడా చూడమనండి అబ్బాయిని. తేటగీతిలో మొదటి గణం మొదటి అక్షరానికీ, నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి. ‘సాధింపవచ్చు’లో ‘సా’ వెనకటి గణంలోకి పోతుంది, నాలుగోది ‘ధింప’ దగ్గర మొదలవుతుంది. ‘తి’కీ ‘ధిం’కీ యతి చెల్లుతుంది. మూలానికి అర్థంలో దగ్గరగా ఉంటూనే యతిని కూడా ఇంత అలవోకగా పడేశాడు కనకే అన్నేళ్ళ నాటి పద్యం ఇంకా నోట్లో నానుతోంది.

ఇక చెల్లుతుందా అన్న ప్రశ్న. కవి కుందేటికి కొమ్ము ఉండదని ఎక్కడన్నాడు? సాధింపవచ్చు అన్నాడు! దొరికిందనుకున్నా సరే, మూర్ఖుడి మనసు మాత్రం దొరకదు అని కదా పద్యం. ఫొటో నిజమైతే పద్యానికి ఒక సాక్ష్యం వచ్చినట్టే. మీ బాబాయిగారితో ఆ మాట చెప్పండి.

గన్నవరం:
ఫొటోలు నిజమైనవే. పశువైద్యం చదివినవాణ్ణి, ఇది నా సబ్జెక్టు. 2025 ఆగస్టులో కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊళ్ళో తీసినవి. అయితే అవి కొమ్ములు కావు. ఆవు కొమ్ము లోపల పుర్రెలోంచి వచ్చిన ఎముక ఉంటుంది, పైన గట్టి తొడుగు ఉంటుంది. ఈ కుందేళ్ళవి చర్మం మీద పెరిగే గడ్డలు, ముదిరి గట్టిపడి కొమ్ముల్లా నిలబడతాయి. మన భాషలో పులిపిరి అనుకోండి. నోటి చుట్టూ మరీ పెరిగితే పాపం మేత కూడా తినలేదు. దోమలూ పిడుదులూ అంటిస్తాయి. మనుషులకు రాదు.

దీని వెనక కథ బాగుంటుంది. కొమ్ముల కుందేళ్ళున్నాయని వేటగాళ్ళు చెప్పుకునే మాటను రిచర్డ్ షోప్ అనే శాస్త్రవేత్త పట్టించుకున్నాడు. ఆ గడ్డల్ని నూరి, బాక్టీరియా దాటలేనంత సన్నని ఫిల్టరులో వడగట్టి, ఆ ద్రవాన్ని మంచి కుందేళ్ళ చర్మం కొద్దిగా గీరి రుద్దాడు. వాటికీ గడ్డలు లేచాయి. అంటే కారణం వైరస్. 1933లో ప్రచురించాడు. ఆ గడ్డలు కొన్నిసార్లు క్యాన్సర్‌గా మారతాయి కనక, వైరస్ వల్ల క్యాన్సర్ వస్తుందని శాస్త్రానికి నమ్మకం కుదరడంలో ఈ కుందేళ్ళ పాత్ర చాలా ఉంది. ఇవాళ ఆడపిల్లలకు వేయిస్తున్న హెచ్‌పీవీ టీకా ఈ జాతి వైరస్ మీదే. యూరప్‌లో 16వ శతాబ్దం నుంచీ జంతువుల పుస్తకాల్లో కొమ్ముల కుందేలును వేరే జాతిగా బొమ్మ వేసేవాళ్ళు. ఇలాంటి జబ్బు చేసినదాన్నే చూసి వేసి ఉంటారని ఇప్పుడు అనుకుంటున్నారు.

ఇంకో మెలిక ఉంది. ఆ జబ్బు అమెరికాలోని కాటన్‌టెయిల్ కుందేళ్ళది. భర్తృహరి చూసిన శశం పొలాల్లో తిరిగే మన చెవులపిల్లి. కాబట్టి ఆయన ఇంకా క్షేమమే.

తెనాలి:
అంటే ఊరికే పుట్టిన కట్టుకథ కాదని తేలింది కదా! జనం ఏదో చూశారు, పండితులు నవ్వారు, చివరికి నిజం బయటపడింది. యతి (హిమాలయాల మంచుమనిషండీ, మాస్టారి తేటగీతి యతి కాదు), స్కాట్లండ్ లాఖ్ నెస్ సరస్సులోని జంతువు కూడా అలా ఏనాటికో తేలతాయని నా నమ్మకం.

గాంధీనగర్:
తేలాయి కూడా. మంచుమనిషివని దాచిన ఎముకలకూ వెంట్రుకలకూ 2017లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే తొమ్మిదిలో ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. లాఖ్ నెస్‌కు పేరు తెచ్చిన 1934 నాటి ఫొటో బొమ్మ జలాంతర్గామికి తల అతికించి తీసిందని 1994లో బయటపడింది. సరస్సు నీళ్ళన్నీ జల్లెడ పట్టినట్టు డీఎన్‌ఏ వెతికి 2019లో చెప్పారు: సరీసృపం జాడే లేదు, మలుగుచేపల డీఎన్‌ఏ మాత్రం బోలెడు. అయినా నమ్మేవాళ్ళు ‘ఫొటో దొంగదే గానీ జంతువు నిజం’ అంటారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అంటే ఇదే. మన పేపర్లు మాత్రం తక్కువ తిన్నాయా? ‘వింత జంతువు కలకలం’ అని హెడ్డింగు, మర్నాడు చూస్తే పునుగుపిల్లి. తీరంవైపు అయితే బావురుపిల్లి.

బ్రాడీపేట:
మూడే కాళ్ళు అన్నారు కనక ఒక మాట. మూలంలో ఉత్త ‘మూర్ఖజన’ కాదు, ‘ప్రతినివిష్ట మూర్ఖజన’ అని ఉంది. ప్రతినివిష్ట అంటే పట్టిన పట్టు విడవని. లక్ష్మణకవి ఆ విశేషణం వదిలేసి ‘మూర్ఖుల’ అని ఊరుకున్నాడు. చోటు చాలక వదిలాడని ఒకరు రాయగా చదివాను. నాకలా అనిపించదు. సంస్కృతంలో మూర్ఖుడంటే తెలివిలేనివాడు. తెలుగులో ‘వాడు వట్టి మూర్ఖుడండీ’ అంటే తెలివి ఉండి కూడా వినడని. ఆ మొండితనం తెలుగు మాటలోనే ఉంది, వేరే చెప్పక్కర్లేదు. అన్నట్టు, ఆ మొండితనం నమ్మేవాళ్ళ సొత్తే కాదు. ఫొటో చూడగానే పరీక్షించకుండా ఏఐ అనేయడం కూడా మూడు కాళ్ళ కుందేలే.

సత్యనారాయణపురం:
నన్నేనా మాస్టారూ? ‘ఏమో చూసుకోండి’ అన్నాను గానీ, తీర్పు ఇవ్వలేదు.

అరండల్‌పేట:
తర్కశాస్త్రంలో ఈ కుందేటి కొమ్ము మీద పెద్ద గొడవే నడిచింది. లేనిదాన్ని గురించి ‘లేదు’ అని ఎలా అంటాం, అసలు దేన్ని ఉద్దేశించి అంటున్నాం అని బౌద్ధులతో వాదం. ఉదయనాచార్యుడి వంటి నైయాయికులు, అంటే మన తార్కికులు, ఇచ్చిన జవాబు నాకు ముచ్చటేస్తుంది. కుందేలు ఉంది. కొమ్ము ఉంది, ఆవు తల మీద. లేనిదల్లా కుందేటికీ కొమ్ముకీ సంబంధం. వింత జంతువులు చాలావాటికి ఇదే లెక్క. మకరతోరణంలో మకరం ఉంది కదా, మొసలి నోరు, ఏనుగు తొండం, చేప తోక. ఏ ముక్కకు ఆ ముక్క నిజమే, అతుకే అబద్ధం. అమెరికాలో డగ్లస్ అనే ఊళ్ళో 1930ల్లో ఇద్దరు అన్నదమ్ములు చచ్చిన కుందేలు తలకి జింక కొమ్ములు బిగించి అమ్మారు. దాన్ని జాకలోప్ అంటారు. ఆ ఊరు ఇప్పటికీ దాని పేరు చెప్పుకుని బతుకుతోంది.

కృష్ణలంక:
అన్నిటినీ మకరంతో కట్టేయకండి సార్. నేను పక్షులు చూడ్డానికి తిరిగే మనిషిని. కలివికోడి సంగతి చూడండి. 1848లో శాస్త్రానికెక్కింది, జెర్డన్ పేరుతో. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే రాసేసుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర తిరిగి కనిపించింది. ఎలా? బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఆ పల్లెల్లో తిరిగి, పక్షి బొమ్మ చూపించి అడిగితే, అక్కడి పిట్టల వేటగాళ్ళకి అది తెలుసు. రాత్రిపూట మేతకు వచ్చే పిట్ట. టార్చి వెలుగులో పట్టి తెచ్చింది వాళ్ళలో ఒకాయనే. ఎనభై ఆరేళ్ళు తప్పిపోయింది మనకి, వాళ్ళకి కాదు. రెండేళ్ళకి లంకమల అభయారణ్యం కూడా దానికోసమే వచ్చింది. పటమట మేడమ్‌గారూ, మీ వాడికి చెప్పండి, కలివికోడి విషయంలో ‘తిరిగి’కి రెండర్థాలూ సరిపోతాయి.

నాకు తోచిన గుర్తు ఒకటి. జనం నిజంగా చూసిన జంతువు పేరులో దాని బతుకు ఉంటుంది. కలివి పొదల్లో తిరుగుతుంది కనక కలివికోడి. చెవులు పెద్దవి కనక చెవులపిల్లి. గండభేరుండం అంటే ఏ చెట్టు మీద వాలుతుంది, ఏం తింటుంది? పేరులో ఆ ఆచూకీ ఉండదు.

గాంధీనగర్:
బాగుంది గానీ, ‘ఏనుగు’ అన్న మాటలో ఏ పొద ఉందండీ?

కృష్ణలంక:
ఏనుగుని వెతుక్కోవాలా సార్, అదే కనబడుతుంది. పేరులో గుర్తు అవసరమయ్యేది దాక్కునేవాటికి.

పటమట:
అందరికీ ధన్యవాదాలండీ. ఇంకొక్కటి. ‘కుందేలు కొమ్ము’ అని రాస్తే మార్కులు కోస్తారా?

బ్రాడీపేట:
పద్యంలో అయితే అనకూడదమ్మా. కుందేలు, వాకిలి, నాగలి వంటి మాటలకు విభక్తి వచ్చేచోట చివర ‘టి’ వస్తుంది. కుందేటి, వాకిటి, నాగటి. ఔపవిభక్తికం అంటారు. వాకిలి ముందు అనే పిల్లలు ఇప్పుడు ఎక్కువే గానీ, పద్యానికి మినహాయింపు లేదు.

తెనాలి:
ఇంతకీ ఉన్నాయో లేవో తెలియని జంతువుల్ని వెతకడాన్ని క్రిప్టోజువాలజీ అంటారు కదా, దానికి తెలుగు మాట ఉందా? క్రిప్టో అంటే మా ఆఫీసులో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళే గుర్తొస్తున్నారు.

అరండల్‌పేట:
గుప్తజంతుశాస్త్రం అనొచ్చు.

గాంధీనగర్:
శాస్త్రం అనడానికి నేనొప్పుకోను. వింతజంతువుల వేట అనండి.

కృష్ణలంక:
వేట అంటే అటవీశాఖవాళ్ళు కేసు పెడతారు సార్. ‘ఆరా’ అనండి, సరిపోతుంది.