బాత్రూం ఎంత రుద్దినా నాలుగు రోజులకే మళ్ళీ మామూలే, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే అండి. మా బాత్రూం చిన్నది, నలుగురం వాడతాం. ప్రతి ఆదివారం గంటన్నర పట్టి రుద్దుతా, గురువారం వచ్చేసరికి మళ్ళీ అదే అవతారం. కుళాయిలకి, షవర్‌కి, అద్దానికి తెల్లగా గార పట్టేసింది, గోరుతో గీకితే కాస్త పొడి రాలుతుంది గానీ మరక అలాగే ఉంటుంది. టైల్స్ మధ్య గీతల్లో, మూలల్లో నల్లగా బూజు. మగ్గు అడుగున, సబ్బు పెట్టె కింద గులాబీ రంగులో జిగటగా ఏదో వస్తోంది, కడిగిన వారానికి మళ్ళీ వస్తుంది. ఇక సామాను సంగతి చెప్పక్కర్లేదు, షాంపూలు, బాడీవాష్‌లు, సగం వాడి వదిలేసినవి అన్నీ నేల మీదే, నిన్న లెక్కపెడితే 17 సీసాలు తేలాయి. పోయిన ఆదివారం విసుగొచ్చి కమోడ్‌లో యాసిడ్ పోసి అది ఉండగానే పైనుంచి బ్లీచ్ కూడా పోశా, రెండూ కలిస్తే ఇంకా గట్టిగా పనిచేస్తుందనుకున్నా, వెంటనే ఘాటు కొట్టి కళ్ళు మండి గొంతు పట్టేసింది, బయటికి వచ్చేశా, సాయంత్రం దాకా దగ్గు తగ్గలేదు. దయచేసి ఒక పద్ధతి చెప్పండి.

జవాబు 1:
మిగతా సంగతులు ఎవరైనా చెప్తారు, నేను ఆ ఆఖరి ముక్క గురించే చెప్తా. బ్లీచ్‌లో యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుందండి, మీ కళ్ళు మండింది దానికే. చిన్న గది, తలుపు మూసి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకెప్పుడూ ఆ పని చేయకండి. వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా యాసిడ్లే, వాటితో కూడా బ్లీచ్ కలపకూడదు. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిసినా విషవాయువే వస్తుంది, కొన్ని అద్దాలు తుడిచే ద్రావణాల్లో అమ్మోనియా ఉంటుంది, సీసా మీద చదివి చూసుకోండి. ఒకరోజు యాసిడ్ వాడితే బాగా నీళ్ళు కొట్టి కడిగేసి బ్లీచ్ పని ఇంకో రోజుకి పెట్టుకోండి. పొరపాటున ఎప్పుడైనా ఘాటు వస్తే దాన్ని కడుగుదామని లోపలికి వెళ్ళొద్దు, అందర్నీ తీసుకుని బయటికి వచ్చేయాలి. మీకు ఇంకా దగ్గు గానీ ఆయాసం గానీ ఉంటే ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

జవాబు 2:
పైన చెప్పింది వందకి వంద నిజం. ఇక మరకలు. మీరు మూడు రకాల మురికిని ఒకే మందుతో, ఒకే బ్రష్‌తో రుద్దుతున్నట్టున్నారు, అందుకే శ్రమ ఎక్కువై ఫలితం తక్కువ.

తెల్ల గార అంటే నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం ఆరిపోయి పేరుకున్నది. సబ్బుతో ఎన్నేళ్ళు రుద్దినా పోదు, దాన్ని పులుపే కరిగించాలి. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో రెండు టీస్పూన్ల నిమ్మ ఉప్పు కలిపి, పాత గుడ్డ ముంచి కుళాయి మొదట్లో చుట్టి 15, 20 నిమిషాలు వదిలేయండి, తర్వాత పాత టూత్‌బ్రష్‌తో తోమి కడిగేయండి. షవర్‌కైతే అదే నీళ్ళు ప్లాస్టిక్ కవర్లో పోసి, షవర్ మునిగేలా పెట్టి రబ్బర్ బ్యాండ్ వేసి గంట ఉంచితే చాలు. రాత్రంతా ఉంచితే పైన మెరుగు పాడయ్యే ప్రమాదం ఉంది. మార్బుల్ ఉంటే మాత్రం దాని మీద ఏ పులుపూ పడనివ్వకండి, మచ్చ పడితే ఎంత తుడిచినా పోదు.

గులాబీ జిగట చాలావరకు బ్యాక్టీరియా అండి, సెరేషియా మార్సెసెన్స్ అనేది ఎక్కువగా వస్తుంది, తడి ఉండి సబ్బు, షాంపూ జిడ్డు దొరికితే చాలు పెరుగుతుంది. ముందు సబ్బు నీళ్ళతో జిడ్డు వదిలించి కడిగి, ఆ తర్వాత నీళ్ళు కలిపిన బ్లీచ్ పట్టించి పది నిమిషాలు ఆగాలి. ఈ ఆగడమే చాలామంది చేయరు, పోసిన వెంటనే కడిగేస్తే మందు పనిచేయడానికి టైమ్ ఎక్కడుంది? బూజుకీ ఇదే పద్ధతి. కిటికీ తెరిచి, గ్లవ్స్ వేసుకుని చేయండి.

జవాబు 3:
ఒక్క మాట కలుపుతా. కమోడ్‌కి వాడే ఘాటు యాసిడ్‌ని టైల్స్ మీద వాడకండి. మేం ఏళ్ళ తరబడి అదే వాడాం, టైల్స్ తళతళలాడాయి గానీ మధ్యలో సిమెంట్ అంతా తినేసింది, గీతలు గుంటలు పడి వాటిలో నీళ్ళు నిలిచి బూజు ఇంకా ఎక్కువైంది. చివరికి మొత్తం గీకించి కొత్తగా గ్రౌట్ పెట్టించాం.

జవాబు 4:
నా లెక్కలో అసలు శత్రువు తడి. మీ 17 సీసాల కింద 17 తడి వలయాలు ఉన్నట్టే కదా, ఎంత కడిగితే ఏం లాభం. ఒకరోజు అన్నీ బయటికి తెచ్చి పెట్టండి, ఈ వారంలో ఎవరి చేయీ పడనిది తిరిగి లోపలికి పోకూడదు. రోజూ వాడేవి మాత్రం చిల్లులున్న స్టాండ్‌లో, గోడకి, నేలకి తగలకుండా. మగ్గు కొక్కేనికి తగిలించండి, బకెట్ బోర్లించండి. మందులు బాత్రూం అలమరలో పెట్టే అలవాటుంటే తీసేయండి, ఆవిరికి, వేడికి పాడవుతాయి.

స్నానం చివర్లో వైపర్‌తో గోడల్ని పైనుంచి కిందికి ఒక్కసారి లాగండి, నిమిషం పని, నీళ్ళు గోడ మీదే ఆరిపోవు కాబట్టి గార కూడా అంతగా కట్టదు. ఫ్యాన్ ఉంటే స్నానం అయ్యాక ఇంకో అరగంట తిరగనివ్వండి. కడిగే రోజు మాత్రం నీళ్ళు కొట్టకముందే పొడిగా ఊడ్చేయండి, తడిస్తే వెంట్రుకలు టైల్స్‌కి అతుక్కుని ప్రాణం తీస్తాయి. జాలీ ఎత్తి అందులో చుట్టుకున్నవి కూడా తీయండి, వాసన సగం అక్కడిదే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, దగ్గు పూర్తిగా తగ్గింది. ఇది రెండో వారం. షవర్‌ని కవర్లో ముంచితే గంటకి తెల్ల పొలుసులు కవర్ అడుగున ఇసకలా దిగాయి, రెండు నెలలుగా పక్కకి చిమ్మే చిల్లులు ఇప్పుడు తిన్నగా పోస్తున్నాయి. సీసాలు ఆరు మిగిలాయి. వైపర్ లాగడం పిల్లలకి అప్పగించా, వాళ్ళే పోటీపడి లాగుతున్నారు. గులాబీ జిగట మళ్ళీ కనబడలేదు. ఒక్కటే మిగిలింది, వాష్‌బేసిన్ చుట్టూ సందుల్లోకి నీళ్ళు దిగకుండా పెట్టే తెల్ల సిలికాన్ పట్టీ ఉంది కదా, దాంట్లో నలుపు రెండుసార్లు బ్లీచ్ పెట్టినా పోలేదు.

జవాబు 2:
అది లోపలికి దిగిపోయిందండి, ఇక పైపైన ఎంత తుడిచినా రాదు. బ్లేడుతో ఆ సిలికాన్ మొత్తం కోసి తీసేసి, కింద శుభ్రం చేసి, ఒకరోజంతా బాగా ఆరనిచ్చి, బూజు పట్టని రకం శానిటరీ సిలికాన్ కొత్తగా పెట్టండి. ట్యూబు మీద ఎంతసేపు ఆరాలో రాసి ఉంటుంది, అప్పటిదాకా ఆ బేసిన్‌లో ఎవర్నీ ముఖం కూడా కడగనివ్వకండి.