అమ్మకి గుండె దడ, ఈసీజీ నార్మల్ అన్నారు, ఇంకా ఏం చేయించాలి?

అందరికీ నమస్తే, మేం కూకట్‌పల్లిలో ఉంటాం, మా అమ్మకి 54 ఏళ్లు. కొన్ని వారాలుగా ఉన్నట్టుండి గుండె దడదడలాడుతోంది అంటోంది, ఎక్కువగా రాత్రి పడుకున్నాకే, ఎడమవైపు తిరిగితే ఇంకా బాగా తెలుస్తుందట. మొన్న దడ వచ్చినప్పుడు మణికట్టు మీద వేళ్లు పెట్టి చూశా, నాలుగైదు సార్లు సరిగ్గా కొట్టుకుని ఒకటి తప్పి మళ్లీ గట్టిగా కొట్టుకుంది, కాసేపటికి మామూలైపోయింది, నాకైతే చేతులు వణికాయి.

దగ్గర్లో క్లినిక్‌కి తీసుకెళ్తే ఈసీజీ తీసి అంతా నార్మలే, టెన్షన్ తగ్గించుకోండమ్మా అని పంపేశారు. కానీ తీసిన ఆ కొన్ని సెకన్లలో దడ లేదు కదా, లేనప్పుడు తీస్తే అందులో ఏం దొరుకుతుంది? 24 గంటలు ఒంటికి పెట్టుకుంటే గుండె కొట్టుకోవడాన్ని రికార్డ్ చేసే హోల్టర్ మిషన్ అడగాలా? రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఎక్కువున్నా కూడా దడ వస్తుంది కాబట్టి ఆ టెస్టులు ఎలాగూ చేయిద్దామనుకుంటున్నా, పైగా అమ్మకి పీరియడ్స్ ఆగే టైమ్, చాయ్ కూడా బాగా తాగుతుంది, సాయంత్రం చాయ్ మాత్రం మాన్పించాం.

ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఇప్పటిదాకా లేవు, వస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టా. అమ్మేమో ఏం కాదులే, డబ్బులు దండగ అంటోంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే ఏ టెస్టులో బయటపడిందో చెప్పండి ప్లీజ్. నిమ్స్‌లో కార్డియాలజీ ఓపీకి నేరుగా వెళ్లొచ్చా, లేక ముందు జనరల్ ఫిజీషియన్‌కి చూపించాలా?